మొద్దు దెబ్బకు కంటిలో ఏం జరుగుతుంది: కంప్యూటర్ మోడల్ కట్టడం మొదటి నుంచి చివరి దాకా

వేసవి సెలవుల్లో కర్నూలు, అనంతపురం, కడప వైపు ఏ ఖాళీ జాగా చూసినా టెన్నిస్ బంతి క్రికెట్ నడుస్తుంటుంది. వీధుల్లో బిళ్ళంగోడు, తోపుల్లో రబ్బరు పంగలకర్రలో గోలీ పెట్టి కొట్టడం మామూలే. ఇవి కంటికి తగిలితే కోసుకుపోవు, గుచ్చుకోవు. కంటి గుడ్డును ఒక్కసారి నొక్కి వదిలేస్తాయి. డాక్టర్లు బ్లంట్ ట్రామా అనేది దీన్నే. పైకి కాస్త ఎర్రబడి వాచినట్టే ఉంటుంది గానీ, లోపల రక్తం చేరి ఉండవచ్చు, లెన్స్ పక్కకు జారి ఉండవచ్చు, కంటి వెనుక వెలుగును పట్టే పొర రెటీనా అంచు చిరిగి ఉండవచ్చు. చాలా ఇళ్ళలో చన్నీళ్ళతో కడిగి పడుకోబెట్టేస్తారు. అందుకే లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం మీద శ్రద్ధ పెట్టాలి.

దెబ్బ మొత్తం కొన్ని మిల్లీసెకన్లలోనే ముగుస్తుంది. అంతసేపట్లో ఏ పొర ఎంత సాగిందో లోపలి నుంచి చూపించే సాధనం ఫైనైట్ ఎలిమెంట్ మోడల్, అంటే కన్నును వేల చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడదీసి ఒక్కో ముక్క కదలికను కంప్యూటర్‌తో లెక్కించడం. ఆ ముక్కల అల్లికే మెష్. బీటెక్ స్థాయి ఫైనైట్ ఎలిమెంట్ తెలిసినవాళ్ళు, అంటే జేఎన్‌టీయూ అనంతపురంలోనో కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎంలోనో ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళు, ఈ పద్ధతిలో సొంతంగా ఒక మోడల్ కట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. ఆకారానికి, మెష్‌కు జీమెష్, లెక్కకు ఓపెన్‌ర్యాడియోస్, ఫలితాలు చూడటానికి పారావ్యూ సరిపోతాయి. కాలేజీలో ఎల్‌ఎస్-డైనా లైసెన్సు ఉంటే అదీ మంచిదే. పద్ధతి రెండింటికీ ఒకటే.

ఒక మాట మొదట్లోనే మనసులో పెట్టుకోవాలి. మొద్దు దెబ్బలో కన్ను ఎక్కువగా తెగేది వస్తువు తగిలిన చోట కాదు, లోపలి ద్రవం నెట్టిన చోట. ముందు నుంచి నొక్కితే ద్రవం కుంచించుకోదు కాబట్టి గుడ్డు నడుము దగ్గర ఉబ్బుతుంది. ఐరిస్ (కంటి రంగు పొర) గోడకు అతుక్కున్న మూలం, లెన్స్‌ను పట్టి ఉంచే జోన్యూల్ దారాలు, కంటి వెనుక భాగాన్ని నింపే జెల్ (విట్రియస్) రెటీనాకు అతుక్కున్న అంచు అన్నీ ఆ ఉబ్బు మీదే లాగబడతాయి. కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద ముచ్చటైన మెష్ వేసి ద్రవాన్ని నిర్లక్ష్యం చేసిన మోడల్ అందంగా ఉంటుంది, తప్పు చెబుతుంది.

మొదటి మెట్టు: ఏం తెలుసుకోవాలో కాగితం మీద రాయడం

"కంటికి గాయం అవుతుందా" అనేది మోడల్‌ను అడగగల ప్రశ్న కాదు. గుడ్డు చీలుతుందా, లెన్స్ జారుతుందా, రెటీనా అంచు లాగబడుతుందా, కంటి గూటి అడుగు ఎముక విరుగుతుందా అని విడదీయాలి. గుడ్డు చీలిక కావాలంటే కార్నియా, స్క్లెరా (కంటి తెల్లని గోడ), ద్రవం, కంటి వెనుక మెత్తని ఆధారం చాలు. లెన్స్ గురించైతే ఐరిస్, లెన్స్ వంపు మార్చే సిలియరీ కండరం, జోన్యూల్స్ చేర్చాలి. రెటీనా గురించైతే పావు మిల్లీమీటరు మందం పొర కట్టక తప్పదు, లెక్క సమయమూ పెరుగుతుంది. మొదటి మోడల్‌కు గుడ్డు చీలికే తీసుకోండి. అది గట్టిగా నిలబడ్డాక మిగతావి చేర్చుకోవచ్చు.

వస్తువునూ ఇక్కడే తేల్చుకోవాలి. కంటి గూటి ముఖద్వారం దాదాపు 40 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. ఎత్తు. అంతకంటే చిన్నదైన గోలీ నేరుగా గుడ్డు మీద పడుతుంది. 72 మి.మీ. వ్యాసమున్న అసలు క్రికెట్ బంతి ముందు చుట్టూ ఉన్న ఎముకకు తగులుతుంది. టెన్నిస్ బంతి కూడా 65 మి.మీ. పైనే ఉంటుంది గానీ మెత్తన కాబట్టి నొక్కుకుపోయి కొంత లోపలికి వస్తుంది. దేవరగట్టు బన్ని ఉత్సవంలో ఝళిపించేలాంటి కర్ర దెబ్బ మరో రకం. దాని వెనుక చెయ్యి తోస్తూనే ఉంటుంది కాబట్టి ఎగిరి వచ్చే వస్తువుల లెక్క దానికి పనికిరాదు. కర్రకు ఒక్కసారి ఇచ్చే తొలి వేగం కాకుండా, కాలంతో మారే కదలికను ఇవ్వాలి.

రెండో మెట్టు: యూనిట్లు

మిల్లీమీటరు, మిల్లీసెకను, గ్రాము పెట్టుకోండి. అప్పుడు బలం న్యూటన్లలో, స్ట్రెస్ (వైశాల్యం మీద పడే బలం) మెగాపాస్కల్‌లో, శక్తి మిల్లీజౌళ్ళలో వస్తాయి. వేగం సెకనుకు మీటర్లలో ఎంతో ఆ అంకెనే వాడవచ్చు. నీటి సాంద్రత 0.001. కంటి లోపలి ఒత్తిడి 15 మి.మీ. పాదరసం అంటే 0.002 మెగాపాస్కల్. ఈ అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. విద్యార్థుల మోడళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే: పాస్కల్‌లో 2,000 అని గుర్తుపెట్టుకుని అదే అంకె వేసేస్తారు, తెల్లారేసరికి కన్ను బుడగలా పేలి ఉంటుంది.

మూడో మెట్టు: ఆకారం

సగటు పెద్దవాళ్ళ కన్ను ముందు నుంచి వెనక్కి 24 మి.మీ. ఉంటుంది. స్క్లెరాకు 11.5 మి.మీ. వ్యాసార్థమున్న గోళం గీయండి. కార్నియాకు ముందు వైపు వంపు వ్యాసార్థం 7.8 మి.మీ., వ్యాసం 11.5 మి.మీ. కార్నియా అంచు దగ్గర గోళం కేంద్రం నుంచి దూరం 9.96 వస్తుంది, కార్నియా ఉబ్బు 2.53 వస్తుంది. వెనుక 11.5 కలిపితే 23.99 మి.మీ. లెక్క కుదిరింది. రెండు వంపులు కలిసే అంచును, అంటే లింబస్‌ను, పదునుగా వదలకుండా చిన్న వంపుతో నునుపు చేయండి. లేకపోతే అక్కడ లేని స్ట్రెస్ పుట్టుకొస్తుంది.

మందం ఒకే అంకె కాదు. కార్నియా మధ్యలో 0.55, అంచున 0.7 మి.మీ. స్క్లెరా లింబస్ దగ్గర 0.8, నడుము దగ్గర 0.5, వెనుక ఆప్టిక్ నరం చుట్టూ 1.0 మి.మీ. నాలుగు రెక్టస్ కండరాలు అతుక్కునే చోటికి వెనుక స్క్లెరా 0.3 మి.మీ.కు దిగుతుంది. లింబస్, ఈ పలుచని పట్టీ, మొద్దు దెబ్బకు స్క్లెరా చీలే ప్రధాన స్థానాలు. స్క్లెరా అంతటా 0.8 అని పెట్టేస్తే మీ కన్ను ఎప్పుడూ చీలదు, లేదా చీలరాని చోట చీలుతుంది.

లోపల లెన్స్ 9 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. మందం, కార్నియా వెనుక గోడకు 3 మి.మీ. దూరం. లెన్స్ ముందు పలుచని ద్రవం ఆక్వియస్, వెనుక విట్రియస్. విట్రియస్ ఘనపరిమాణం 4 మి.లీ. దగ్గర రావాలి. గీసిన బొమ్మలో ఇది 3 కంటే తక్కువో 5 కంటే ఎక్కువో వస్తే లోపలి కొలతలు ఒకసారి చూసుకోండి.

నిజమైన రోగి కంటి కొలతలు కావాలనుకుంటే సీటీ స్కాన్ మీద ఆధారపడకండి. అర మిల్లీమీటరు కార్నియా మందం అందులో తేలదు. అక్షపు పొడవుకు ఏ-స్కాన్, కార్నియా మందానికి పాకిమీటర్ రీడింగు తీసుకోవాలి. సీటీ కంటి గూటి ఎముకకు బాగా పనికొస్తుంది. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి అయినా, మరే బోధనాసుపత్రి అయినా, రోగుల కొలతలు అడిగే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, పేర్లు తీసేసిన ఫైళ్ళు తప్పనిసరి.

నాలుగో మెట్టు: మెష్

దెబ్బ సరిగ్గా అక్షం మీద తగిలేట్టయితే పావు కన్ను చాలు. రెండు కోత తలాల మీద సౌష్ఠవ నియమాలు పెడితే లెక్క నాలుగో వంతుకు దిగుతుంది. పక్కగా తగిలితే సగం కన్ను కావాలి.

పొరలకు ఎనిమిది మూలల ఇటుక ఎలిమెంట్లు వాడండి, మందంలో కనీసం మూడు వరసలు. నాలుగు మూలల టెట్రా ఎలిమెంట్లు సులువుగా వస్తాయి గానీ కుంచించుకోని కణజాలంలో బిగుసుకుపోతాయి. గుడ్డు ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. తగ్గించిన ఇంటిగ్రేషన్ (లోపల తక్కువ బిందువుల దగ్గరే లెక్క వేసే) ఇటుకలు ఉత్తినే వంకరపోతాయి కాబట్టి వాటికి అవర్‌గ్లాస్ నియంత్రణ పెట్టాలి. మొత్తం అంతర్గత శక్తిలో అవర్‌గ్లాస్ శక్తి 5 శాతం దాటకూడదు.

ఎలిమెంట్ సైజు, టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగుకు ముందుకు జరిగే కాలం) ముడిపడి ఉంటాయి. ద్రవంలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్ల వేగంతో పోతుంది. 0.25 మి.మీ. ఎలిమెంట్ దాటడానికి 0.17 మైక్రోసెకను. అదే మీ టైమ్ స్టెప్ గరిష్ఠ హద్దు. 2 మిల్లీసెకన్లు నడపాలంటే కనీసం దాదాపు పన్నెండు వేల స్టెప్పులు. ఇది సాధారణ డెస్క్‌టాప్‌కు భారం కాదు. కాకపోతే 0.3 మి.మీ. స్క్లెరాను మూడు వరసలు చేస్తే ఒక్కో ఎలిమెంట్ 0.1 మి.మీ. అవుతుంది. అప్పుడు పాయిజన్ నిష్పత్తిని (లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పే అంకెను) 0.499 అని పెట్టారంటే టైమ్ స్టెప్ అతలాకుతలం అవుతుంది. 0.49 నుంచి 0.495 మధ్య ఉంచండి. 30 మెగాపాస్కల్ దృఢత్వం, 0.49 నిష్పత్తి ఉన్న స్క్లెరాలో శబ్దవేగం సెకనుకు 650 మీటర్ల దగ్గర ఉంటుంది, నిష్పత్తి 0.499 చేస్తే 2,000 దాటుతుంది. అంటే లెక్క మూడింతలు సాగుతుంది.

ఐదో మెట్టు: పొరల గుణాలు

సాంద్రతల్లో పెద్ద చిక్కు లేదు. ద్రవాలకు ఘనమీటరుకు 1,000, లెన్స్‌కు 1,080, కార్నియాకు 1,100, స్క్లెరాకు 1,200 కిలోల దరిదాపు అంకెలు చాలు. మొదటి మోడల్లో వీటి తేడా ఫలితాన్ని పెద్దగా మార్చదు.

దృఢత్వం అలా కాదు. కార్నియా, స్క్లెరా రెండూ కొలాజెన్ నారలతో అల్లినవి. మొదట కాస్త సులువుగా సాగి, నారలు నిటారుగా అయ్యాక ఒక్కసారిగా బిగుస్తాయి. అందుకని ఒకే యంగ్స్ మాడ్యులస్ (స్థిరమైన దృఢత్వపు అంకె) ఇవ్వకూడదు. స్ట్రెస్-స్ట్రెయిన్ వక్రం (ఎంత స్ట్రెస్‌కు ఎంత శాతం సాగుతుందో చూపే గీత) ఇవ్వండి, లేదా రబ్బరులా సాగేవాటికి రాసిన ఆగ్డెన్ హైపర్‌ఎలాస్టిక్ రూపం వాడండి. ఓపెన్‌ర్యాడియోస్‌లో లా 42 అనే పదార్థ నియమం నేరుగా ఆగ్డెన్ స్థిరాంకాలు తీసుకుంటుంది. లా 69 ప్రయోగ వక్రం ఇస్తే తానే సరిపెట్టుకుంటుంది. వక్రం చివరి స్ట్రెయిన్ దాటాక ఏమవుతుందో తప్పకుండా చూడండి. మీరు ఇచ్చిన వక్రం 10 శాతం దగ్గర ఆగిపోయి కన్ను 20 శాతం సాగిందంటే, ఆ పైభాగం మొత్తం సాఫ్ట్‌వేర్ ఊహే.

వేగమూ లెక్కలోకి వస్తుంది. కన్నులోకి ద్రవం ఎక్కించి నెమ్మదిగా ఒత్తిడి పెంచినప్పటి కంటే వేగంగా పెంచినప్పుడు గుడ్డు చీలే ఒత్తిడి రెట్టింపు దాటుతుందని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి నెమ్మదిగా లాగి తీసిన వక్రాన్ని దెబ్బ మోడల్లో పెట్టి, వేగంగా చేసిన పరీక్షలో వచ్చిన చీలిక హద్దుతో పోల్చకూడదు. రెండూ ఒకే వేగపు జాతివై ఉండాలి.

ఆరో మెట్టు: ద్రవాలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. దారులు మూడు.

మొదటిది ద్రవాన్ని చాలా మెత్తని ఘనంలా కట్టడం, అంటే లగ్రాంజ్ పద్ధతి. కట్టడం తేలిక. కన్ను 15 నుంచి 20 శాతం నొక్కుకునేదాకా బాగానే నడుస్తుంది. ఆ పైన లెన్స్ అంచు దగ్గర ఎలిమెంట్లు మెలితిరిగి, ఒకదాని ఘనపరిమాణం రుణాత్మకమై లెక్క ఆగిపోతుంది. దాన్ని ఆపాలని ద్రవానికి షియర్ దృఢత్వం (ఆకారం జారకుండా ఎదిరించే గుణం) పెంచుతారు. అప్పుడు లెక్క నడుస్తుంది, కానీ కంట్లో ద్రవం బదులు రబ్బరు ఉన్నట్టే. నడుము ఉబ్బు తగ్గిపోతుంది, మనకు కావలసిన ఫలితమే పోతుంది.

రెండోది ఏఎల్ఈ (ఆర్బిట్రరీ లగ్రాంజియన్-ఆయిలేరియన్). మెష్, పదార్థం వేరువేరుగా కదులుతాయి కాబట్టి మెలికలు పడవు. మొద్దు దెబ్బకు ఇదే సరైన దారి. ఓపెన్‌ర్యాడియోస్‌లో ద్రవానికి లా 6 హైడ్రో పదార్థం పెట్టండి. ద్రవపు బల్క్ మాడ్యులస్ (కుంచించుకోకుండా ఎదిరించే దృఢత్వం) 2,200 మెగాపాస్కల్. స్నిగ్ధత మొదటి మోడల్లో నీటిదే చాలు. విట్రియస్ జెల్ లాంటిదే అయినా దాని షియర్ దృఢత్వం కొన్ని పాస్కల్‌లు మాత్రమే. మెగాపాస్కల్ ఒత్తిళ్ళ ముందు అది లెక్కలోకి రాదు. రెటీనా లాగుడు చూడాలనుకున్నప్పుడు మాత్రం జెల్ గుణం, రెటీనాతో దాని అతుకు రెండూ కావాలి. ఏఎల్ఈలో ముఖ్యంగా చూడాల్సింది లీకు. పలుచని పొర నుంచి ద్రవం బయటికి కారితే లోపలి ఒత్తిడి నిశ్శబ్దంగా పడిపోతుంది. ద్రవ ద్రవ్యరాశిని కాలంతో గీయండి. 1 శాతం కంటే ఎక్కువ తగ్గితే ద్రవ మెష్‌ను సన్నం చేయాలి, లేదా ద్రవాన్ని పొరతో ముడిపెట్టే కప్లింగ్ పాయింట్లు పెంచాలి.

మూడోది ఎస్‌పీహెచ్, ద్రవాన్ని కణాలుగా చేయడం. కట్టడం ఏఎల్ఈ కంటే సులువు. కానీ ఒత్తిడి గ్రాఫు దడదడలాడుతుంది, గుడ్డు తిరిగి వెనక్కి పొంగేటప్పుడు కణాల మధ్య లేని ఖాళీలు వస్తాయి. స్క్లెరా స్ట్రెయిన్ మాత్రమే కావాలంటే 0.4 మి.మీ. ఎడంతో వాడుకోవచ్చు.

టైమ్ స్టెప్ కోసం బల్క్ మాడ్యులస్‌ను 2,200 నుంచి 200కు దించే ఉపాయం ఒకటుంది. లెక్క మూడింతల పైన వేగవంతమవుతుంది. లోపలి ఒత్తిడి 2 మెగాపాస్కల్‌కు చేరినా ద్రవం 1 శాతమే కుంచించుకుంటుంది కాబట్టి తొలి ప్రయత్నాలకు ఫర్వాలేదు. తుది ఫలితాలకు అసలు విలువతో ఒకసారి నడిపి, నడుము స్ట్రెయిన్ ఎంత మారిందో చూపించాలి.

ఏడో మెట్టు: లోపలి ఒత్తిడి

దెబ్బకు ముందే కన్ను 15 మి.మీ. పాదరసం ఒత్తిడితో నిండి ఉంటుంది. ద్రవానికి 0.002 మెగాపాస్కల్ తొలి ఒత్తిడి ఇచ్చి, వస్తువును కదలనివ్వకుండా, ఊగుడును అణచే డ్యాంపింగ్‌తో 1 నుంచి 2 మిల్లీసెకన్లు కన్నును కుదురుకోనివ్వండి. కుదిరిందో లేదో చేతిలెక్కతో తేల్చుకోవచ్చు: ఒత్తిడిని వ్యాసార్థంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగించండి. 0.002 ఇంటూ 11.5, బై 1.0, నడుము దగ్గర 0.023 మెగాపాస్కల్ రావాలి. మోడల్లో దీనికి ఐదో పదో శాతం అటూ ఇటూ ఉంటే సరే. పదింతలు ఉంటే యూనిట్ తప్పు.

చీలిక హద్దు ముందు ఈ స్ట్రెస్ వెయ్యో వంతే. అయినా వదిలేయకూడదు. ఒత్తిడి లేని కన్ను మొదట ముడుచుకుని ఆ తర్వాత బిగుస్తుంది, తగిలిన వస్తువు మరింత లోపలికి దిగుతుంది. డ్యాంపింగ్‌ను దెబ్బ మొదలయ్యే క్షణంలో తీసేయడం మరవకండి. దాన్ని అలాగే వదిలేస్తే వస్తువు శక్తిని అదే మింగేస్తుంది.

ఎనిమిదో మెట్టు: కంటి వెనుక ఆధారం

కన్ను కొవ్వు మెత్తపై కూర్చుని, ఆరు కండరాలతో కట్టి ఉంటుంది. వెనుక నోడ్లను (ఎలిమెంట్ల మూలలను) కదలకుండా బిగించేస్తే స్ట్రెస్ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. ఏ ఆధారం లేకుండా గాలిలో వదిలితే కన్ను వెనక్కి ఎగిరి దెబ్బ తప్పించుకుంటుంది. వెనుక సగం చుట్టూ 5 నుంచి 8 మి.మీ. మందం కొవ్వు పొర, కిలోపాస్కల్‌ల స్థాయి దృఢత్వంతో పెట్టి, దాని బయటి ముఖాన్ని ఎముకగా బిగించండి. కండరాలను చిన్న దెబ్బలకు స్ప్రింగులుగా కట్టవచ్చు. ప్రయోగాలతో పోల్చే రన్‌లో మాత్రం కొవ్వు బదులు జెలటిన్ పెట్టాలి. ప్రయోగశాలల్లో కన్నును సాధారణంగా అందులోనే కూర్చోబెడతారు.

తొమ్మిదో మెట్టు: తగిలే వస్తువు

గోలీ, ఉక్కు పెల్లెట్ లాంటివాటిని వంగని రిజిడ్ వస్తువులుగా పెట్టవచ్చు. బరువు, వ్యాసం సరిగ్గా ఉండాలి. 16 మి.మీ. గాజు గోలీ 5.4 గ్రాములు తూగుతుంది. బంతిని రిజిడ్‌గా పెట్టకూడదు, దాని నొక్కుడులోనే సగం కథ ఉంది. టెన్నిస్ బంతికి 58 గ్రాముల బరువు, రబ్బరు గోడ, లోపల గాలి ఒత్తిడి కావాలి. బిళ్ళంగోట్లో బిళ్ళ రెండు కొనలూ చెక్కి ఉంటాయి కాబట్టి కొన ముందు, అడ్డంగా అని రెండు రన్‌లు వేరువేరుగా చేయాలి. కొన వంపు వ్యాసార్థం ఎంతని కొలిచి పెట్టండి. 2 మి.మీ. అయితే అది దాదాపు గుచ్చే గాయమే.

గట్టి వస్తువు, మెత్తని కార్నియా కాబట్టి కాంటాక్ట్ దృఢత్వం సరిగా కుదరకపోతే వస్తువు కార్నియాలోకి దూరుతుంది. చొచ్చుకుపోవడం కార్నియా మందంలో 5 శాతం లోపు ఉండాలి. ఎల్‌ఎస్-డైనాలో సాఫ్ట్ 1 ఐచ్ఛికం ఇందుకే. కన్నీటితో తడిసిన ఉపరితలం కాబట్టి ఘర్షణ 0.1 మించనివ్వకండి. కనురెప్పను మొదటి మోడల్లో వదిలేయవచ్చు. తెరిచిన కన్నే ప్రమాదకరమైన స్థితి.

పదో మెట్టు: తెలిసిన ప్రయోగంతో పోల్చడం

మీ గోలీ లెక్క మొదలుపెట్టే ముందు ఈ మెట్టు దాటాలి. దాటని మోడల్ ఫలితాలను ఎవరికీ చూపకండి. డెలోరీ, పోమెరంట్‌జెఫ్, కాక్స్ అనే పరిశోధకులు 1969లో పంది కళ్ళ మీద 0.345 గ్రాముల పెల్లెట్లు సెకనుకు 62.3 మీటర్ల వేగంతో కొట్టి, వేగవంతమైన ఫొటోలు తీశారు. గుడ్డు ముందు-వెనుక పొడవు 41 శాతం దాకా తగ్గింది, నడుము అసలు కొలతకు 128 శాతం దాకా ఉబ్బింది. మోడల్లో అదే పెల్లెట్, అదే వేగం పెట్టండి. తొలి శక్తి 670 మిల్లీజౌళ్ళు రావాలి. 24 మి.మీ.లో 41 శాతం అంటే 10 మి.మీ. దాకా దిగాలి. దానికి పట్టే సమయం 0.3 నుంచి 0.4 మిల్లీసెకను.

పొడవు సరిగ్గా తగ్గి నడుము ఉబ్బకపోతే ద్రవం షియర్ ఎక్కువైంది, లేదా లీకు ఉంది. రెండూ తక్కువగా వస్తే పొర గట్టిది లేదా మెష్ బిగిసింది. పొడవు ఎక్కువగా తగ్గితే మొదట ఆధారం, తర్వాత తొలి ఒత్తిడి చూడండి. చీలికను మాత్రం ఈ ప్రయోగంతో పోల్చవద్దు. పంది కన్ను చీలడానికి చదరపు మీటరుకు కావలసిన శక్తి మనిషి కంటికి దాదాపు రెట్టింపు.

చేతిలో ఉన్న సరంజామాతోనూ ఒక పోలిక చేయవచ్చు. మాంసం కొట్టులో ఆ పొద్దు కోసిన మేక కన్ను అడిగి తెచ్చుకుని, చల్లని సెలైన్‌లో ఉంచి, కొన్ని గంటల లోపే వాడండి. చుట్టూ ఉన్న కొవ్వు తీసి, సన్నని సూది లోపలికి పెట్టి గొట్టంతో సెలైన్ సీసాకు కలపండి. సీసాలో నీటి మట్టం కంటి మధ్య నుంచి 20.4 సెం.మీ. ఎత్తున ఉంటే లోపల సరిగ్గా 15 మి.మీ. పాదరసం ఒత్తిడి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో కంటి ఆకారానికి గుంట చేసి కూర్చోబెట్టి, దాన్ని 0.1 గ్రాము చూపే త్రాసు మీద పెట్టండి. పై నుంచి సమతల గాజు పలకను మరతో కొద్దికొద్దిగా దించుతూ బరువు రాసుకోండి. మనిషి కార్నియా వంపుకైతే 1 మి.మీ. నొక్కుడుకు 10 గ్రాముల వరసలో రావాలి. మేక కార్నియా వంపు మీరే కొలిచి మోడల్లో అదే ఆకారం పెట్టి పోల్చండి. ఇది నెమ్మది పరీక్ష. దెబ్బను సెల్‌ఫోన్ స్లో మోషన్‌లో తీయాలని చూడవద్దు. సెకనుకు 960 ఫ్రేములు తీసే ఫోనుకు కూడా ఒక ఫ్రేమంటే మిల్లీసెకను పైనే, పై పెల్లెట్ దెబ్బకైతే గుడ్డు నొక్కుకోవడం అందులో సగం కూడా పట్టదు. కన్నును తాకేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి.

పదకొండో మెట్టు: నడపడం, నమ్మదగినదేనా చూడటం

మొత్తం శక్తి గీత సమతలంగా ఉండాలి, 2 శాతం కంటే ఎక్కువ కదలకూడదు. ఫలితాలను 0.005 మిల్లీసెకనుకు ఒకసారి రాయించండి. అంతకంటే అరుదుగా రాస్తే గరిష్ఠం రెండు ఫ్రేముల మధ్య జారిపోతుంది. 0.6, 0.4, 0.25 మి.మీ. అని మూడు మెష్‌లు చేసి నడుము స్ట్రెయిన్ చూడండి. చివరి రెండింటి మధ్య 5 శాతం లోపు తేడా ఉంటే చాలు. స్ట్రెస్‌కు ఒక్క ఎలిమెంట్ గరిష్ఠం ఎప్పుడూ తీసుకోకండి. లింబస్ మూలలో ఒక ఎలిమెంట్ 40 మెగాపాస్కల్ చూపించవచ్చు, దాని పక్కది 14 చూపించవచ్చు. 1 మి.మీ. వెడల్పు మచ్చ మీద సగటు తీయండి.

పన్నెండో మెట్టు: ఫలితాన్ని గాయంగా చదవడం

వర్జీనియా టెక్ బృందం 2002లో ప్రకటించిన కంటి మోడల్లో కార్నియా-స్క్లెరా గోడ చీలిక హద్దు 23 మెగాపాస్కల్. 1999లో ఉచియో బృందం వాడిన హద్దు 9.4 దగ్గర. రెండూ రెండు రకాల పరీక్షల నుంచి వచ్చినవి. వేగపు దెబ్బకు 23 నప్పుతుంది, కానీ 9.4 దాటిన చోట్లను కూడా రంగు వేసి చూపించడం మంచిది. చీలిక ఎక్కడ మొదలవుతుందో ఆ పటమే చెబుతుంది.

రెండో కొలమానం నార్మలైజ్డ్ శక్తి: వస్తువు గతిజశక్తిని దాని అడ్డుకోత వైశాల్యంతో భాగించడం. సగం మందికి ఆ గాయం అయ్యే విలువలు చదరపు మీటరుకు జౌళ్ళలో ఇలా ప్రచురితమయ్యాయి: కార్నియా గీరుకుపోవడం 1,503, లెన్స్ జారడం 19,194, కంట్లో రక్తం చేరడం 20,188, రెటీనా దెబ్బ 30,351. గుడ్డు చీలికకు ఒక అధ్యయనం 23,771 అంటే, తర్వాతది 35,519 అంది. ఈ రెండింటినీ ఒక పట్టీగానే చూడాలి, ఒకటి ఎంచుకుని రెండోది దాచకూడదు.

16 మి.మీ. గోలీకి లెక్క వేద్దాం. సెకనుకు 10 మీటర్లయితే 1,330. అంటే కార్నియా గీరుకుపోయే హద్దు దగ్గర. 20 అయితే 5,330. 30 అయితే 12,000. 40కి వెళ్తే 21,300; రక్తం చేరడం, లెన్స్ జారడం రెండింటి సగం-సగం హద్దూ దాటింది. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు. సాగదీసిన రబ్బరు కొంచెం కొత్తదైతే ఆట ఎక్కడ గాయమవుతుందో ఈ నాలుగు అంకెల్లో ఉంది. ఈ నాలుగు వేగాలకూ మోడల్ నడిపి, నడుము స్ట్రెయిన్, జోన్యూల్ లాగుడు, గోడ స్ట్రెస్ మూడూ ఒకే గ్రాఫులో పెట్టండి. పిల్లలకు, పంచాయతీ వాళ్ళకు చూపించాల్సి వస్తే అదే గ్రాఫు చాలు.

టెన్నిస్ బంతికి ఈ సూత్రం మోసం చేస్తుంది. 58 గ్రాములు, సెకనుకు 25 మీటర్లు అంటే 18 జౌళ్ళు. వైశాల్యంతో భాగిస్తే 5,300 మాత్రమే వస్తుంది. కానీ ఆ 18 జౌళ్ళలో ఎముక ఎంత తీసుకుంది, గుడ్డు ఎంత తీసుకుంది అనేది సూత్రానికి తెలియదు. ఇక్కడ కంటి గూటి ఎముకతో సహా కట్టిన మోడల్ మాత్రమే మాట్లాడగలదు. గూటి అడుగు ఎముక అర మిల్లీమీటరు దాకా పలుచన. విరిగే నియమం దానికి వేరుగా పెట్టాలి.

చివరి రన్‌లు సున్నితత్వం కోసం. కార్నియా దృఢత్వం 20 శాతం అటూ ఇటూ, మందం 10 శాతం అటూ ఇటూ, లోపలి ఒత్తిడి 10 నుంచి 40 మి.మీ. పాదరసం దాకా, దెబ్బ కేంద్రం నుంచి 0, 2, 4 మి.మీ. పక్కకు మార్చి చూడండి. శుక్లాల ఆపరేషనో కార్నియా మార్పిడో అయిన కంటికి ఆ కుట్టు గీత మీద హద్దును తగ్గించి వేరుగా నడపాలి. అలాంటి కళ్ళు తక్కువ దెబ్బకే పాత గాయం దగ్గర విడిపోతాయి. రిపోర్టులో ప్రతి అంకె పక్కన ఈ రన్‌ల కనిష్ఠం, గరిష్ఠం రాయండి. పైగా మోడల్ చీలిక లేదన్నంత మాత్రాన కన్ను బాగుందని అర్థం కాదు. రెటీనా వాపు లాంటి కణాల స్థాయి దెబ్బ ఇందులో కనిపించదు. కంటికి దెబ్బ తగిలినవాళ్ళు ఎవరైనా సరే, నొప్పి తగ్గినా అదే రోజు కంటి డాక్టరు దగ్గర కనుపాపను పెద్దది చేయించుకుని రెటీనా చూపించుకోవాలి. చీలిక అనుమానం ఉంటే కన్ను నొక్కకూడదు, కడగకూడదు. గట్టి కప్పులాంటిది ఎముక మీద ఆనించి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.